పచ్చ లైటు వెలిగితే కదలొద్దు

పది గంటలకు రమ్మన్నారంటే పదకొండుకు గానీ పిలవరు, ఆ లెక్క నాకు తెలుసు, అయినా తొమ్మిదీ నలభైకే వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాను, తప్పు చేసినవాళ్ళకే ఉంటుంది ఇంత వేళ పట్టింపు. విచారణ గది తలుపుకు గోధుమ రంగు, దాని మీద పాత బోర్డు ఏదో ఊడదీసిన నాలుగు మేకుల గుర్తులు, ఎదురుగా గోడ గడియారం, దాని కింద నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ముకు గొలుసుతో కట్టేసిన ఒకటే గ్లాసు. గ్లాసునే నమ్మని చోట నన్ను నమ్ముతారా అని నవ్వొచ్చింది. ఒళ్ళో సంచి, సంచిలో కాగితం, కాగితంలో కంపెనీ వకీలు రాసిపెట్టిన పదకొండు వాక్యాలు, కింద నా సంతకానికి ఒక గీత. ఏడో వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. 'మా రికార్డుల ప్రకారం ఆ మధ్యాహ్నం ఆ పరికరం నుంచి ఎలాంటి పిలుపూ నమోదు కాలేదు.' అబద్ధం ఒక్క అక్షరం లేదు అందులో. నమోదు కాలేదు, నిజమే. ఆవిడ నొక్కింది, నమోదు కాలేదు. మూడుసార్లు నొక్కింది. ఆ సంగతి ఈ భూమ్మీద తెలిసినది నా ఒక్కదానికే, లోపలికి వెళ్ళి నేను చెప్తే జరిగినట్టు, చెప్పకపోతే అసలు జరగనట్టే.

మేము చేసేది పెద్ద యంత్రమేమీ కాదు, మెడలో వేసుకునే ఒక బొత్తాం. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, ఆపరేషన్ అయి సరిగా నడవలేనివాళ్ళు వేసుకుంటారు. పడిపోతే నొక్కాలి. నొక్కితే ఆ పిలుపు మా సర్వరుకు వస్తుంది, సర్వరు దగ్గర్లో ఉన్న సహాయకులకు కబురు పంపుతుంది, కబురు అందిందని తేలగానే బొత్తాం మీద చిన్న పచ్చ లైటు వెలుగుతుంది. పచ్చ లైటు అంటే వస్తున్నారు అని. బొత్తాంతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో ఆ మాట లావు అక్షరాల్లో ఉంటుంది, పచ్చ లైటు వెలిగితే కదలొద్దు, ఆ పేజీ కూడా నేనే చూసి సరే అన్నాను, విరిగిన ఎముకతో పాక్కుంటూ పోతే ఇంకా విరుగుతుంది కదా. ఆ శనివారం మధ్యాహ్నం ఒక దర్జీ ఆవిడ, డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, తుంటికి ఆపరేషన్ అయి రెండు నెలలు, స్నానాల గదిలో జారి పడింది. కూతురు డ్యూటీ ముగించుకుని ఏడింటికి వచ్చేసరికి ప్రాణం లేదు. లోపల్లోపల రక్తం పోయింది, ఓ రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బతికేదేమో అని రాశాడు డాక్టరు. 'ఏమో' అని రాసుకునే సౌకర్యం డాక్టర్లకు ఉంది, మాకు లేదు, మా పనిలో ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు.

అసలేం జరిగింది అని అడుగుతారు. చెప్పాలంటే నేను తెచ్చిన లైబ్రరీ దగ్గర, అంటే ఎవరో ముందే రాసిపెడితే మనం వాడుకునే ప్రోగ్రాము ముక్క దగ్గర మొదలుపెట్టాలి. మా ప్రోగ్రాము జావాస్క్రిప్ట్ భాషలో పదేళ్ళనాటి రాత, పదిమంది చేతులు పడ్డది, ఏ ముక్కకు ఏం కావాలన్నా అదే పోయి వెతికి తెచ్చుకునేది, ఒకటి కదిపితే ఏడు ఊడేవి. కుట్టేవాళ్ళు దారం అయిపోయిన ప్రతిసారీ మిషను వదిలి బజారుకు పరిగెత్తితే ఏం కుడతారు? నాకు ఫలానాది కావాలి అని పేరు చెప్పి ఊరుకోవాలి, అందించేవాళ్ళు వేరే ఉండాలి, అలా మార్చుదాం అని నేనే పట్టుబట్టాను. దీన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. వకీలు నా వివరణలో ఆ మాట చూసి ఉలిక్కిపడ్డాడు, "చావు కేసులో ఇంజెక్షన్ అన్న మాట ఎందుకమ్మా, తీసెయ్యండి" అని కలంతో కొట్టేశాడు. ఈ పనికి పెద్ద పెద్ద లైబ్రరీలు ఉన్నాయి, నేను ఏరికోరి చిన్నది తెచ్చాను, అంతా కలిపి రెండు వందల లైన్లు, ముక్కూ మొహం తెలియని ఎవరో మనిషి సెలవు రోజుల్లో రాసి ఊరికే పంచిపెట్టాడు. అందులో ఉన్నదల్లా ఒక పెట్టె. ఏ పేరు అడిగితే ఏం ఇవ్వాలో ఒక ఫైలులో వరసగా రాసిపెడతాం, పెట్టె అది ఇస్తుంది. గడియారం అడిగితే గడియారం, కబురు అడిగితే కబురు పంపేవాడు. ఎందుకూ ఏమిటీ అని అడగదు. మా మేనేజరు, వెనకాల అందరం తొందర సారు అంటాం ఆయన్ని, "బరువెంత?" అన్నాడు. "రెండు కిలోబైట్లు సార్, ఉందో లేదో కూడా తెలీదు" అన్నాను. గర్వంగా అన్నాను. పెద్ద లైబ్రరీలలో కొన్ని ఒకే పేరు రెండుసార్లు రాస్తే గోల చేస్తాయి, ఈ పేరు ముందే ఉంది, చూసుకో అని. ఇది చెయ్యదు, రెండోసారి రాసినదాన్నే తీసుకుని నోరు మూసుకుంటుంది. ఆ సంగతి దాని పరిచయ పేజీలోనే ఉంది, నేను చదివాను కూడా, మంచిదే, సులువు అనుకున్నాను. రాసిన మనిషిది తప్పని లోపల ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక బాబాయ్ సంగతి. ప్రోగ్రామును పరీక్షించేటప్పుడు నిజంగా సహాయకులకు కబుర్లు పోకూడదు, వాళ్ళు అంబులెన్సు వేసుకుని వచ్చేస్తారు, అందుకని కబురు పంపేవాడి స్థానంలో ఒక ఉత్తుత్తివాణ్ణి కూర్చోబెడతాం. మా గదిలో ఒక అలవాటు ఉంది, ఉత్తుత్తివాళ్ళందరికీ చుట్టాల వరసలు పెడతాం. ఎప్పుడూ ఒకటే టైము చెప్పే ఉత్తుత్తి గడియారం తాతయ్య. ఏం పెట్టినా దాచుకుని తెల్లారేసరికి మర్చిపోయే ఉత్తుత్తి గిడ్డంగి పిన్ని. ఏ పని చెప్పినా "అందింది" అని మాత్రం అని ఏమీ చెయ్యని ఉత్తుత్తి కబురువాడు బాబాయ్. ఆ పేరు పెట్టింది నేనే, మా సొంత బాబాయ్‌ని తలుచుకుని. అందరూ పడీ పడీ నవ్వారు. బాబాయ్‌కి ఒక్క మంచి గుణం పెట్టాను, ఎవరెవరు ఎప్పుడు పిలిచారో చిన్న జాబితా రాసుకుంటాడు, పరీక్ష అయ్యాక మేము సరిచూసుకోడానికి. అది జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది, సర్వరు ఆపి మళ్ళీ మొదలుపెడితే పోతుంది. పోనీ, ఉత్తుత్తివాడి జాబితా ఎవడికి కావాలి.

గడియారంలో పదీ పది. తలుపు అవతల ఎవరో దగ్గారు, కుర్చీ జరిపిన చప్పుడు, మళ్ళీ ఏమీ లేదు. గురువారం నాడు కూడా ఇలాగే కుర్చీలు జరిపాం, పెద్ద బల్ల చుట్టూ, పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడ్డానికి వచ్చారని. చూపించడానికి విడిగా ఉంచిన మిషను ఆ పొద్దున్నే చచ్చింది. తొందర సారు "అసలుదాని మీదే చూపించెయ్, ఐదు నిమిషాలు" అన్నాడు. అసలు సర్వరు మీద బొత్తాం నొక్కితే అసలు సహాయకులు వచ్చేస్తారు. అందుకని ఆ పేర్ల ఫైలు అడుగున ఒక్క లైను కలిపాను, కబురు అడిగితే బాబాయ్‌ని ఇవ్వు అని. పైన ఎక్కడో ముప్ఫై లైన్ల ముందు అసలువాడి లైను అలాగే ఉంది, పెట్టె కిందిదే తీసుకుంది, గోల చెయ్యలేదు. చూపించాం. బొత్తాం నొక్కారు, పచ్చ లైటు వెలిగింది, చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళగానే నా మిషను మీద ఆ లైను తీసేశాను, పరీక్షలన్నీ నడిపాను, అన్నీ పాసయ్యాయి, పాసు కాక చస్తాయా, పరీక్షల్లో ఎప్పుడూ ఉండేది బాబాయే. తీసేసినదాన్ని సర్వరుకు పంపాలి, ఒక్క మీట, ఆ మీట మీద వేలు ఉండగా తొందర సారు తలుపులోంచి తొంగిచూసి "టీకి రా, సంతకం పెట్టేలా ఉన్నారు" అన్నాడు, వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పరీక్షలు పాసైన గుర్తులతో స్క్రీను అంతా పచ్చగా ఉంది, పని అయిపోయిందనుకున్నాను. గురువారం, శుక్రవారం, శనివారం. మూడు రోజులు ఊళ్ళో ఎవరు నొక్కినా బాబాయ్ పలికాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు, ఒకామె వచ్చింది, బస్సు కండక్టరు బట్టలు, భుజానికి తోలు సంచి, నలభై ఉంటాయేమో, మోచేతి దగ్గర చొక్కా చిరుగు ఎంత సన్నగా కుట్టారంటే దగ్గరకు వస్తే గానీ కనపడదు. బెంచీకి ఇంకో చివర కూర్చుంది. చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు, కవరులో మా బొత్తాం, తాడు చుట్టబెట్టి. వెనక నంబరు చదవక్కర్లేకపోయింది, చివర్న నలభై నాలుగు అని నాకు తెలుసు, పది రోజులుగా కళ్ళు మూసుకుంటే అదే నంబరు. నేనెవరో ఆమెకు తెలీదు. పక్కకు తిరిగితే మొహంలో తెలిసిపోతుందని గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఎంతసేపు కూర్చోబెడతారండీ ఇక్కడ? నాకు పన్నెండింటికి బండెక్కాలి."

"చెప్పలేమండీ" అన్నాను.

"మీదీ ఇలాంటిదేనా?"

"ఇలాంటిదే."

ఆమె కవరును మోకాలి మీద పెట్టుకుని వేలితో పైపైన నొక్కుతోంది, బొత్తాంలో బ్యాటరీ లేదు కాబట్టి ఏమీ జరగడం లేదు. "మా అమ్మదండీ" అంది. "మొండి మనిషి. ఇంత మొండి మనిషిని మీరు చూసుండరు. మెడలోనే ఉంది, చెయ్యి కూడా దాని మీదే ఉంది, నేను వెళ్ళేసరికి. నొక్కలేదు. వాళ్ళ పుస్తకంలో లేదంట, కంపెనీవాళ్ళు చెప్పారు. పొద్దున పోట్లాడుకున్నాం దీని గురించే. ఆవుకు గంట కట్టినట్టుంది, నేను వేసుకోనంది. నువ్వు వేసుకుంటే గానీ నేను డ్యూటీకి పోనన్నాను. వేసుకుంది. వేసుకుని నొక్కలేదు చూడండి, నా మీద పంతం అలా తీర్చుకుంది. చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం ఉండొచ్చా అండీ? పది రోజులైంది, ఏడుపు కూడా రావడం లేదు నాకు."

కాలం గాయం మాన్పుతుంది లాంటివి నోటి దాకా వచ్చాయి, ఛీ అనుకుని మింగాను. ఎందుకంటే నేను చూశాను. ఆ శనివారం రాత్రి ఎనిమిదింటికి ఫోను వచ్చింది, బొత్తాం వేసుకున్న మనిషి చనిపోయింది, రికార్డు చూడమని, రికార్డు ఖాళీగా ఉంది, వచ్చిన పిలుపును రికార్డులో రాసేది కూడా ఆ అసలు కబురువాడే. మూడు రోజుల నుంచి ఒక్క పిలుపూ లేదు, అలా ఎప్పుడూ జరగదు. నడుస్తున్న సర్వరులోకి వెళ్ళి బాబాయ్‌ని అడిగాను, నీ జాబితా చూపించు అని. ఏడు వరసలు. నాలుగింటిలో ఒకటి గురువారం మేము చూపించినది, మిగతావి పొరపాటున నొక్కినవో, వేరే దారిన గట్టెక్కినవో, తర్వాత తెలిసింది. మూడు మాత్రం ఒకే నంబరు, నలభై నాలుగు. రెండూ నలభై. రెండూ నలభై ఏడు. మూడున్నర. మూడింటి ఎదురుగానూ నేను రాసిన మాటే, అందింది, అందింది, అందింది. వెంటనే సరిచెయ్యాలి, ఈ క్షణంలో ఇంకెవరో నొక్కుతుండొచ్చు, అది నిజం, ఆ నిజం వెనకాల దాక్కున్నాను. లైను తీసేసి సర్వరును మళ్ళీ మొదలుపెట్టాను. జాబితా పోయింది. నకలు తీసుకోడానికి ఒక్క సెకను పట్టేది. మర్చిపోయానా, కావాలనే వదిలేశానా అని పది రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను, నా నుంచి కూడా "అందింది" అనే సమాధానం తప్ప ఏమీ రావడం లేదు. తొందర సారు అరగంటలో వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది, చెడ్డమనిషేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. బాబాయ్ సంగతి చెప్పాను, విని తల పట్టుకున్నాడు. "ఆవిడ నొక్కినట్టు ఎక్కడైనా కనపడిందా?" అన్నాడు. "లేదు" అన్నాను. ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. ఆయన ఊపిరి వదలడం విన్నాను. ఆ ఊపిరి మీదే వకీలు ఏడో వాక్యం కట్టాడు.

మా అసలు బాబాయ్ అబద్ధం కూడా అంతే తేలిగ్గా వచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మకు జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది, ప్రెస్సులో పనిచేసే నాన్నను పిలుచుకురమ్మని బాబాయ్‌ని పంపింది. బాబాయ్ వీధి చివర కొట్లో క్యారమ్స్ ఆడుతూ కూర్చున్నాడు, నేను చూశాను, నన్నూ చూశాడు, జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు, ఇంటికొచ్చి "చెప్పేశా వదినా, బయల్దేరాడు" అన్నాడు. అమ్మ చీర మార్చుకుని, సంచి సర్దుకుని, మెట్టు మీద కూర్చుంది. చీకటి పడేదాకా కూర్చుంది. నేను పక్కనే కూర్చుని పిప్పరమెంటు చప్పరించాను. ఆ రోజు ఏమీ కాలేదు, నాన్న మామూలు వేళకే వచ్చాడు, ఆస్పత్రికి వెళ్ళారు, జ్వరం తగ్గింది, బాబాయ్‌ని చెడామడా తిట్టారు, ఆ తర్వాత చుట్టాలు కలిసినప్పుడల్లా చెప్పుకుని నవ్వుకునే కథ అయింది. నేనూ నవ్వేదాన్ని. నాకు తెలిసి కూడా చెప్పలేదన్నది ఎవరికీ తెలీదు. ఇప్పుడు అమ్మ మెట్టు మీద మాటిమాటికీ వీధి మలుపు వైపు చూడటం గుర్తొస్తోంది, వస్తున్నారు అని తెలిసిన మనిషి చూసే చూపు అది. స్నానాల గది నేల మీద నుంచి ఆ దర్జీ ఆవిడ కూడా తలుపు వైపు అలాగే చూసి ఉంటుంది.

పదీ యాభై. కండక్టరు లేచి గొలుసు గ్లాసుతో నీళ్ళు తాగి వచ్చి ఈసారి నాకు దగ్గరగా కూర్చుంది. మోచేతి కుట్టు మళ్ళీ కనపడింది. అది ఎవరు కుట్టారో అడగక్కర్లేదు.

"నొక్కారు" అన్నాను.

"ఏంటండీ?"

"మీ అమ్మగారు నొక్కారు. మూడుసార్లు. రెండూ నలభైకి, ఏడు నిమిషాల తర్వాత ఇంకోసారి, మళ్ళీ మూడున్నరకి. నేను చూశాను. ఆ కంపెనీలో ప్రోగ్రాము రాసేది నేనే. పంతం కాదు, ఏమీ కాదు. ఆవిడ పిలిచారు, మేము ఎవరికీ చెప్పలేదు. ఒక ఉత్తుత్తి లైను పెట్టి తీయడం మర్చిపోయాను. తప్పు నాది."

కొడుతుందనుకున్నాను, నిజానికి కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. నా మొహం కేసి చూసింది, తర్వాత కవరు కేసి చూసింది. అడిగిన మొదటి ప్రశ్న నేను పది రోజుల్లో ఒక్కసారి కూడా ఊహించనిది.

"పచ్చ లైటు వెలిగిందా?"

"వెలిగింది" అన్నాను. "మూడుసార్లూ."

"కదలొద్దని నేనే చెప్పాను" అంది. టికెట్టు ధర చెప్పినట్టు చెప్పింది. "ఆ పుస్తకం నేనే చదివి వినిపించాను. పచ్చ లైటు వెలిగితే ఏం చెయ్యాలమ్మా అని అడిగి, కదలకూడదు అని రెండుసార్లు ఆవిడ చేత చెప్పించుకున్నాను, చిన్నపిల్ల చేత ఒప్పజెప్పించుకున్నట్టు. ఆ గదికి ఎదురు గోడ అవతలే పక్కింటివాళ్ళ వంటిల్లు. తలుపు దాటి మూడు అడుగులు పాకితే గోడ. తడితే వినిపిస్తుంది. వాళ్ళు ఇంట్లోనే ఉన్నారు ఆ రోజంతా. నేను చెప్పాననే తట్టలేదు. ఒక్కసారి, నా మాట విందండీ."

తల్లి మీద కోపం అలా పోయింది, ఎక్కడికి పోయిందో నాకు కనపడుతూనే ఉంది, తన మీదికే తిరిగింది. తగ్గిద్దామనుకున్న బరువును తీసుకెళ్ళి ఇంకో భుజం మీద పెట్టాను, అంతే. అయినా చెప్పకుండా ఉండాల్సిందని అనిపించలేదు. ఏడుపు వచ్చింది ఆమెకు, చప్పుడు లేకుండా వచ్చింది, తుడుచుకోలేదు, కుట్టు ఉన్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేలా పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా తల బయటపెట్టి కంపెనీ పేరు చదివి, ప్రోగ్రాము చూసేవారు రావాలన్నాడు. సంచిలోంచి కాగితం తీసి రెండు ముక్కలు చేసి బెంచీ మీద పెట్టాను, పెద్ద సాహసమేం కాదు, వకీలు దగ్గర ఇంకో పది ప్రతులు ఉంటాయి.

"లోపల కూడా ఇదే చెప్తారా?" అంది.

"చెప్తాను. మీరిక్కడే కూర్చోండి, నేను చెప్పేసి వస్తాను."

నేనన్న మాట నాకే వినిపించింది. ఆమెకూ వినిపించి ఉంటుంది.

"ఒక్కరే రావాలమ్మా" అన్నాడు గుమాస్తా. ఆమె వినలేదు. మాట నమ్మి కదలకుండా కూర్చోవడం వాళ్ళింట్లో ఒకసారి అయిపోయింది. నా మణికట్టు వదలకుండానే, నాతో పాటే లేచి నిలబడింది.